గుండె ఆగితే ఐసీయూలోనే ఛాతీ మళ్లీ ఎందుకు తెరుస్తారు?

బైపాస్ అయిన మర్నాడు మీ నాన్నగారి గుండె ఆగితే, థియేటర్‌కు తీసుకెళ్లకుండా మంచం మీదే ఛాతీ తెరిచి, చేత్తో గుండెను నొక్కారన్నారు. పైనుంచి నొక్కితే సరిపోయేది కదా అని మీ ప్రశ్న. చాలాసార్లు సరిపోదు. గుండె ఆపరేషన్ల ఐసీయూలో మత్తు వైద్యుడిగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

ఆపరేషన్ తర్వాత తొలి గంటల్లో గుండె ఆగడానికి ఒక ముఖ్య కారణం, కుట్ల దగ్గర కారిన రక్తం గుండె చుట్టూ చేరి గడ్డకట్టడం. ఆ ఒత్తిడికి గుండె విచ్చుకోదు, లోపలికి రక్తం రాదు. ఖాళీ గుండెను పైనుంచి ఎంత నొక్కితే మాత్రం ఏం ప్రయోజనం? అందుకే కరెంటు షాకు, పేసింగ్ (చిన్న కరెంటు తాకిడితో గుండెను కొట్టించడం) వంటివి ఫలించకపోతే 5 నిమిషాల్లోపు ఛాతీ తెరవాలన్నది ఇప్పటి పద్ధతి. కత్తి, ఆపరేషన్‌లో ఛాతీ ఎముకను బిగించిన స్టీలు తీగలు తెంచే కటర్, ఎముకను విడదీసే రిట్రాక్టర్ ఉన్న సీలు పెట్టె అక్కడే సిద్ధంగా ఉంచుతారు. ఒకసారి సర్జన్ స్టీలు తీగలు తెంచి గడ్డలు బయటికి తీయగానే, గుండెను తాకకముందే మానిటర్‌పై బీపీ గీత లేవడం కళ్లారా చూశాను.

అలా లేవకపోతేనే మసాజ్. ముందు బైపాస్‌లో అతికించిన కొత్త రక్తనాళాలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. తర్వాత ఒక అరచెయ్యి గుండె వెనక, మరొకటి ముందు పెట్టి, వేళ్లు చాపి, కింది కొన నుంచి పైకి పిండాలి. కుడి జఠరిక (గుండె కింది గది) గోడ పలచన, బొటనవేలితో పొడిచినట్లు నొక్కితే చిరిగిపోతుంది. గుండె వణుకుతుంటే నేరుగా గుండెకు ఆనించే ప్యాడిల్స్‌తో (షాకిచ్చే పలకలతో) 20 జౌళ్ల షాకు చాలు. పైనుంచైతే 150కి పైనే కావాలి.

మరి ఇది అందరికీ ఎందుకు చేయరు? ఒకప్పుడు చేసేవారు. 1901లో నార్వేలోని ట్రోమ్సోలో సర్జన్ ఇగెల్స్‌రూడ్ ఇలాగే ఒక రోగిని బతికించారు. 1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో సర్జన్ క్లాడ్ బెక్ 14 ఏళ్ల బాలుడి గుండెను చేత్తో నొక్కుతూ, నేరుగా షాకిచ్చి కాపాడారు. 1960లో అమెరికాలోనే కౌవెన్‌హోవెన్ అనే పరిశోధకుడి బృందం ఛాతీ కోయకుండా పైనుంచి నొక్కే పద్ధతిని ప్రకటించాక పరిస్థితి మారిపోయింది. దాంతో వచ్చే రక్తప్రసరణ మామూలులో మూడో వంతుకు మించదు, చేత్తో నేరుగా పిండితే అంతకన్నా మెరుగ్గా ఉంటుంది. అయినా పైనుంచి నొక్కడం ఎవరైనా, ఎక్కడైనా, ఆ క్షణమే మొదలుపెట్టగలరు. కోసి తెరవాలంటే నేర్పున్న చెయ్యి కావాలి, లోపలి లోపాన్ని వెంటనే సరిచేయగలగాలి. కత్తిపోటుతో గుండెకు గాయమైనవారికి అందుకే ఇది పనికొస్తుంది. ఇంట్లో గుండెపోటుతో కుప్పకూలినవారికి కాదు.

ఇక మీరు సర్జన్‌ను అడగవలసింది ఒకటుంది: తెరిచినప్పుడు లోపల ఏం కనిపించింది? రక్తం గడ్డా, జారిన కుట్టా, మూసుకుపోయిన కొత్త నాళమా? నాన్నగారికి ఇకపై చేసే చికిత్స చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది.