జీవవైవిధ్య కమిటీలో ఎవరిని పెట్టాలి? మేం రెండుసార్లు వేసిన అనుభవం

మీ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, అంటే ఊళ్లోని చెట్టూ చేమా, జీవాలు, విత్తనాల సంగతి చూసే కమిటీ వేయమన్నారని, చదువుకున్నవాళ్లనే పెట్టాలా అని అడిగారు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో మాది చెరువు కింది ఊరు. నేను వార్డు మెంబరుగా ఉన్నప్పుడే ఈ కమిటీ వేశాం. మొదటిసారి తప్పు చేశాం, అది మీరు చేయకూడదని రాస్తున్నాను.

అప్పుడంతా తొందర. అన్ని పంచాయతీల్లో 2020 జనవరి 31 లోగా కమిటీలు ఉండాలని, లేకుంటే రాష్ట్రాలు నెలకు 10 లక్షలు కట్టాలని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది. ఆఫీసులో కూర్చుని పావుగంటలో పేర్లు రాసేశాం. మూడోవంతు ఆడవాళ్లు, 18 శాతం ఎస్సీ, ఎస్టీలు అన్న లెక్క కాగితం మీద సరిపోయింది. నాలుగు నెలలకు ఒక అక్కను మీటింగుకు పిలవబోతే, "నన్నెప్పుడు పెట్టిండ్రు?" అంది. సంతకం వాళ్లాయన పెట్టాడట. తల దించుకుని వచ్చేశాను.

ఈ కమిటీ మొట్టమొదట చేయాల్సింది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయడం. ఊళ్లో ఏ చెట్టుంది, ఏ గడ్డి, ఏ చేప, ఏ విత్తనం, ఏది దేనికి వాడతారు, ఏది కనబడకుండా పోయింది, అన్నీ అందులో ఉండాలి. మా మొదటి కమిటీలో వాటి గురించి చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే రాజీనామాలు తీసుకుని, గ్రామసభలో ఒక్కొక్క పేరూ చదివి, ఆ మనిషి లేచి "సరే" అన్నాకే రాసుకున్నాం. ఒక గొర్రెల కాపరి తాత, చెరువులో వల వేసే ముదిరాజ్ అన్న, కల్లుగీత కార్మికుడు, ఇంట్లో కుండల్లో పాత జొన్న, కంది విత్తనాలు దాచుకునే అవ్వ, మందు చెట్లు తెలిసిన ఒక పెద్దమ్మ. వీళ్లలో ముగ్గురికి చదువు రాదు. డిగ్రీ చదివే పిల్ల పక్కన కూర్చుని రాసింది.

ఆ తాతతో బంచరాయికి, అంటే ఊరి పశువులు మేసే భూమికి, వెళ్లిన పొద్దు నాకింకా గుర్తే. ఒక గడ్డి పరక తెంపి, నలిపి, నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఇది వాసన పట్టిందంటే గొర్రె ముట్టదు బిడ్డా, లేతగున్నప్పుడే మేపాలె" అన్నాడు. గంటలో ముప్పై దాకా పేర్లు చెప్పాడు. నలభై ఏళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటున్న నాకు అందులో పది తెలియవు. వల వేసే అన్నేమో, చెరువులో బొచ్చె, రవ్వ చేప పిల్లలు వదలడం మొదలైనప్పటి నుంచి పరకలు, బొమ్మిడాయిలు లాంటి నాటు చేపలు వలలో తగ్గాయని చెప్పాడు.

పెద్దమ్మ మాత్రం ఒక వేరు దొరికే చోటు చెప్పనంది. చెబితే రేపు బస్తాలకెత్తుతారని ఆమె భయం, అది న్యాయమే. పేరు రాసి, చోటు వదిలేశాం. మీరూ అలాగే చేయండి, బలవంతపెట్టకండి.

ఇంకొకటి. ఊరి నుంచి వ్యాపారానికి మూలికలు, ఆకులు తీసుకెళ్లేవాళ్ల దగ్గర రుసుం వసూలు చేసే హక్కు ఈ కమిటీకి జీవవైవిధ్య చట్టంలోనే ఉంది. పాలమూరు వైపు అమరచింత నుంచి జపాన్‌కు వేపాకు పంపిన కంపెనీ కట్టిన సొమ్ములో ఆ ఊరి కమిటీకి వాటా దక్కింది. కాబట్టి ఊరు దాటి ఏం పోతుందో తెలిసిన మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి. మా రోజుల్లో అధ్యక్షుడు కాక ఆరుగురికి మించకూడదు. ఆ చట్టానికి 2023లో చేసిన సవరణలో ఏడు నుంచి పదకొండు మంది అన్నారు. మీకు చోటు ఎక్కువే ఉంది.

మీటింగు పగలు పెట్టకండి. కూలీ పోతుందని ఎవరూ రారు, వచ్చినా తాత మనసంతా మంద మీదే ఉంటుంది. మేం గొర్రెలు దొడ్డికి చేరాక, రాత్రి ఏడున్నరకు, బడి అరుగు మీద పెట్టుకున్నాం. ఆ మొదటి అక్క కూడా వచ్చింది, ఈసారి తన సంతకం తనే పెట్టింది.