షార్ట్ నోట్సు చదివినా మాక్ టెస్టులో గుర్తు రావట్లేదంటే

పరీక్షకు మూడు నెలలుంది, షార్ట్ నోట్సు రెండుసార్లు తిరగేసినా మాక్ టెస్టులో ఏదీ గుర్తు రావట్లేదన్నారు కదా. మీ జ్ఞాపకశక్తికేం ఢోకా లేదండీ. ఎవరో రాసిన నోట్సు చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది, అదే చిక్కు.

ఒక పాఠం పూర్తిగా చదివి, పుస్తకం మూసేసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయండి. మొదట్లో నాలుగు లైన్లు కూడా రావు, టెన్షన్ పడకండి. ఆగిపోయిన చోట ఎర్ర పెన్నుతో గీత పెట్టి, ఆ భాగమే మళ్లీ చదవండి. మర్నాడోసారి, వారం తర్వాతోసారి, నెల తర్వాతోసారి ఇలాగే రాయండి. చదివింది తొలి గంటల్లోనే ఎక్కువగా మరిచిపోతామని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు.

గెస్ పేపర్ల జోలికి పోకండి. పాత ప్రశ్నపత్రాలు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి, టైమ్ పెట్టుకుని.