గాల్ బ్లాడర్ తీసేశాక పూరీ తింటే వెంటనే మోషన్ ఎందుకు వస్తోంది?

ఆపరేషన్ అయి మూడు వారాలైంది, నూనె వస్తువు తింటే చాలు బాత్రూంకి పరుగే అన్నారు కదా. చాలామందికి కొన్నాళ్లపాటు ఉండేదే ఇది.

కొవ్వుని అరిగించడానికి తోడ్పడే పైత్యరసాన్ని తయారుచేసేది లివర్, గాల్ బ్లాడర్ (పిత్తాశయం) కాదు. రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా ఊరుతుంది. గాల్ బ్లాడర్ దాన్ని చిక్కబరిచి దాచి, కొవ్వు ఉన్న తిండి పడగానే ఒక్కసారిగా వదిలేది. ఇప్పుడు ఆ తొట్టి లేదు. రసం పలచగా, కొద్దికొద్దిగా పేగులోకి కారుతూనే ఉంటుంది. రెండు ఇడ్లీలకి అది సరిపోతుంది. నాలుగు పూరీలు, పైన మిర్చి బజ్జీ అంటే కష్టం. అరగని కొవ్వు, మిగిలిన పైత్యరసం పెద్దపేగులోకి చేరి నీళ్లని లాగుతాయి. అందుకే పలచని మోషన్, గ్యాస్, ఉబ్బరం.

జీవితాంతం చప్పిడి తిండే అని భయపెట్టే చుట్టాల మాట పట్టించుకోకండి. కొన్ని వారాలు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినండి. వేపుళ్లు, మటన్, ఆవకాయ మీద తేలే నూనె ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పీచు మంచిదే కానీ ఒకేసారి పెంచితే గ్యాస్ ఇంకా ఎక్కువవుతుంది. కాఫీ కూడా కొందరికి పడదు.

నెలలు గడిచినా తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పండి, పైత్యరసాన్ని పట్టి ఉంచే కొలెస్టిరమిన్ లాంటి మందులున్నాయి. కళ్లు పచ్చబడినా, చలిజ్వరం వచ్చినా, కడుపునొప్పి విపరీతంగా ఉన్నా మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.