థ్రెడ్లు ఎక్కడ ఆగుతున్నాయో ముందు చూడు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. ఎనిమిది థ్రెడ్ల (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనుల) సర్వీసు, సీపీయూ సగం కూడా వాడట్లేదు, ఫ్లేమ్ గ్రాఫ్‌లో (ఏ ఫంక్షన్ ఎంత సీపీయూ తిందో చూపే బొమ్మలో) వంక పెట్టడానికేం లేదు, అయినా ఉండుండి కొన్ని రిక్వెస్టులు నత్తనడక నడుస్తున్నాయి. అంతేగా? అయితే ఆ గ్రాఫ్‌ని పక్కన పెట్టెయ్. మామూలు ప్రొఫైలర్ సీపీయూ మీద నడుస్తున్న కోడ్‌నే పట్టుకుంటుంది. నీ థ్రెడ్లు ఆ టైమంతా ఆగి ఉన్నాయి, ఆగినవాటి జాడ అందులో పడదు.

ఆర్ఆర్ (rr) అనే డీబగ్గర్‌తో ప్రోగ్రామ్ నడకని రికార్డ్ చేసి రీప్లే చేస్తానన్నావు. ఈ పనికి అది వద్దు. మొజిల్లాలో పుట్టిన ఆ టూల్ అంటే నాకూ ఇష్టమే. ఎప్పుడో ఓసారి కనబడి మాయమయ్యే బగ్‌ని పట్టాలంటే భలే పనికొస్తుంది. కానీ రీప్లే అచ్చు గుద్దినట్టు రావడం కోసం అది నీ థ్రెడ్లన్నిటినీ ఒక్క కోర్ మీద, వంతులవారీగా నడుపుతుంది. ఎనిమిదీ ఒకేసారి తోసుకుంటే ఏమవుతుందో చూడాలని నువ్వు కూర్చుంటే అక్కడ ఆ తోపులాటే ఉండదు.

నీకు కావాల్సింది పెర్ఫ్ షెడ్. 2009లో కెర్నెల్ డెవలపర్ ఇంగో మోల్నార్ దీన్ని పెర్ఫ్‌లో, అంటే లినక్స్ పనితీరు కొలిచే టూల్‌లో చేర్చాడు. షెడ్యూలర్, అంటే ఏ థ్రెడ్‌కి కోర్ ఇవ్వాలో తేల్చే కెర్నెల్ భాగం, ఏ థ్రెడ్‌ని కోర్ మీంచి ఎప్పుడు దించింది, దేన్ని ఎక్కించింది, ఎవరు ఎవర్ని లేపారు అన్నది టైముతో సహా రాసి పెడుతుంది.

మొదలుపెట్టేముందు థ్రెడ్లకు పేర్లు పెట్టు. అన్నిటికీ ఒకే పేరుంటే రిపోర్ట్ ముందు తల పట్టుకోవాల్సిందే. కెర్నెల్ 15 అక్షరాలే ఉంచుకుంటుంది, కాబట్టి తేడా తెలిసే ముక్క ముందే రావాలి. లోడ్ ఉన్నప్పుడు ఐదారు సెకన్లు రికార్డ్ చేస్తే చాలు, ఫైల్ ఎంత పెరుగుతుందో నువ్వే చూస్తావుగా. ఈవెంట్లు పోయాయని వార్నింగ్ వస్తే ఆ ఫైల్‌ని నమ్మకు, బఫర్ పెంచి మళ్ళీ తియ్. మైనస్ జీ (-g) ఆప్షన్ మర్చిపోకు, కాల్ స్టాక్ని, అంటే ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో రాసేది అదే. అది లేకపోతే థ్రెడ్ ఆగిందని తెలుస్తుంది గానీ నీ కోడ్‌లో ఎక్కడ ఆగిందో తెలీదు.

లేటెన్సీ రిపోర్ట్‌లో సగటు జోలికి పోకు. అతి పెద్ద ఆలస్యం చూడు, అది ఏ క్షణంలో పడిందో కూడా ఉంటుంది. ఆ టైము పట్టుకుని టైమ్‌హిస్ట్ (ప్రతి ఎక్కుడూ దిగుడూ వరుసగా చూపే పెర్ఫ్ షెడ్ రిపోర్ట్) తెరువు, అసలు సంగతంతా అక్కడే. షెడ్ డిలే అంటే థ్రెడ్‌ని లేపాక కోర్ దొరికేదాకా పట్టిన టైము. వెయిట్ టైమ్ మాత్రం కాస్త మోసం చేస్తుంది. తనంతట తాను నిద్రపోయిందా, పని ఉండగానే దించేశారా అన్న తేడా లేకుండా రెండూ అందులో కలిసిపోతాయి. అందుకే స్టేట్ ఆప్షన్ కూడా పెట్టు. ఎస్ అని ఉంటే నిద్ర, అంటే లాక్ (ఒక డేటాని ఒక్కో థ్రెడ్డే వాడేలా వేసే తాళం) కోసమో సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) కోసమో చూస్తోంది. కాల్ స్టాక్‌లో ఫ్యూటెక్స్ (లాక్ కోసం ఆగడానికి వాడే లినక్స్ సిస్టమ్ కాల్) కనబడితే లాకే అనుకోవచ్చు. ఆ లాక్ వదిలి దీన్ని లేపింది ఎవరో చూస్తే దొంగ దొరికినట్టే. ఆర్ అని ఉంటే పాపం దానికి పనుంది, కోర్ లేదు.

మీది కంటైనర్‌లో నడుస్తోంది కాబట్టి నా అనుమానం ఈ ఆర్ మీదే. రెండు సీపీయూల కోటా ఇచ్చారనుకో. మామూలుగా పీరియడ్ (కోటా లెక్క మళ్ళీ మొదలయ్యే గడువు) 100 మిల్లీసెకన్లు, అందులో మీకు దక్కేది 200 మిల్లీసెకన్ల సీపీయూ టైము. ఎనిమిది థ్రెడ్లూ ఒక్కసారి పరుగందుకుంటే అది 25 మిల్లీసెకన్లలో ఖాళీ. మిగతా 75 అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. డాష్‌బోర్డ్ మాత్రం నిమిషం సగటు చూపించి అంతా బాగుందంటుంది. టైమ్‌హిస్ట్‌లో థ్రెడ్లన్నీ దాదాపు ఒకేసారి దిగి, ఒకేసారి ఎక్కుతుంటే సీగ్రూప్‌లో (కంటైనర్ వాడే వనరులకు కెర్నెల్ పెట్టే హద్దుల్లో) సీపీయూ డాట్ స్టాట్ ఫైల్ తెరిచి ఎన్ఆర్ థ్రాటిల్డ్ (కోటా అయిపోయి ఎన్నిసార్లు ఆపేశారో) పెరుగుతోందేమో చూడు.

ఇక రీప్లే. పెర్ఫ్ షెడ్‌లోనూ ఉంది గానీ అది నీ ప్రోగ్రామ్‌ని మళ్ళీ నడపదు. రికార్డింగ్‌లో ఉన్నన్ని డమ్మీ థ్రెడ్లను పుట్టించి, అంతేసేపు ఊరికే లూప్ తిప్పి, అలాగే నిద్రపుచ్చి, లేపుతుంది. మామూలుగా పదిసార్లు. నీ క్యాష్ మిస్సులు, మెమరీ మీద పోటీ అందులో రావు. కాబట్టి కోడ్ మార్చాక ఎంత బాగుపడిందో దాంతో కొలవకు. కెర్నెల్ మారుస్తున్నప్పుడు మాత్రం అక్కరకొస్తుంది. లినక్స్ 6.6 నుంచి పాత షెడ్యూలర్ సీఎఫ్ఎస్ పోయి కొత్తది ఈఈవీడీఎఫ్ వచ్చింది కదా, పాత కెర్నెల్ మీద తీసిన రికార్డింగ్‌ని కొత్తదాని మీద ఆడించి షెడ్యూలర్ వరకు తేడా చూసుకోవచ్చు.

ప్రొడక్షన్‌లో రూట్ పర్మిషన్ ఎలాగూ ఇవ్వరు, స్టేజింగ్‌లోనే (ముందుగా పరీక్షించుకునే మెషిన్లలో) తియ్. కాకపోతే అక్కడ కూడా ప్రొడక్షన్ కోటానే పెట్టించు. కోటా లేని మెషిన్‌లో తీసి అంతా బాగానే ఉందంటే నేను వినను. ఫైల్ వచ్చాక ఫోన్ చెయ్, స్క్రీన్ షేర్ పెట్టుకుని చూద్దాం.

మీ బాబాయి