కోరింగ మడ మొక్కల ఖర్చు లెక్క ఎవరు చూస్తారు?

కాకినాడ దగ్గరి కోరింగలో మడ మొక్కలకు (తీరంలోని ఉప్పునీటి బురదలో పెరిగేవి) పెట్టే డబ్బుకు జవాబుదారీ ఎవరు, సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలా అని మీరు అడిగారు.

డబ్బు ఒకే చోటి నుంచి రాదు. వాటిలో ఒకటి పరిహార వనీకరణ నిధి, అంటే పోయిన అడవికి బదులుగా మొక్కలు పెంచే నిధి. అటవీ భూమిని ఇతర పనులకు మళ్లించినప్పుడు వసూలు చేసే సొమ్ము దానికి చేరుతుంది. 2016 చట్టం ప్రకారం అందులో 90 శాతం రాష్ట్రానిది, 10 శాతం కేంద్రానిది. రాష్ట్రం తయారుచేసే వార్షిక ప్రణాళికకు కేంద్ర స్థాయి ఆమోదం కావాలి. ఖర్చును ప్రభుత్వ లెక్కలు చూసే కాగ్ తనిఖీ చేస్తుంది. 2013లో కాగ్ ఈ నిధుల నిర్వహణను గట్టిగానే తప్పుపట్టింది.

అయితే లెక్క తేలేది కాగితం మీద కాదు, బురదలో. ఆటుపోటు నీరు అందని చోట నేలలో ఉప్పు పేరుకుని మడ మొక్క ఎండిపోతుంది. అందుకే ఇక్కడ ముందు చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, నీరు ఆడేలా చేసి, తరువాత మొక్కలు నాటారు. నాటిన రోజు ఫొటోలు ఎందుకూ కొరగావు. మూడేళ్ల తరువాత ఎన్ని బతికాయో అడగండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇక మీ చెట్టు సంగతి: 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) సొంత భూమికీ వర్తిస్తుంది. సరుగుడు వంటి తోట చెట్లకు సడలింపులున్నాయి. గొడ్డలి ఎత్తే ముందు అటవీ రేంజి కార్యాలయంలో కనుక్కోండి.