సమీకరణంలో చిన్న అంకెను ఎందుకు మార్చకూడదు?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. రసాయన సమీకరణాన్ని తుల్యం చేసేటప్పుడు, అంటే రెండు వైపులా ఒక్కో రకం పరమాణువుల లెక్క సమానం చేసేటప్పుడు, ముందుండే అంకె మార్చవచ్చట, కిందుండే చిన్న అంకెను ముట్టుకోకూడదట. ఎందుకని అడుగుతోంది. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఎందుకని అడిగిందంటే మీ అమ్మాయి సరైన దారిలోనే ఉందండీ. కింది అంకె ఆ పదార్థం ఏమిటో చెబుతుంది, ముందు అంకె దాని అణువులు ఎన్నో చెబుతుంది. హెచ్2ఓ అంటే నీళ్లు. లెక్క కుదరడం లేదని చివర ఇంకో 2 చేర్చి హెచ్2ఓ2 అని రాస్తే అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోతుంది, తాగితే ప్రమాదం! అదే 2హెచ్2ఓ అంటే రెండు నీటి అణువులు, పదార్థం మారలేదు.

వంటగ్యాస్‌నే తీసుకోండి. అందులో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. ప్రొపేన్ ఫార్ములా సీ3హెచ్8, పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. మూడు కార్బన్లున్నాయి కాబట్టి 3సీఓ2, ఎనిమిది హైడ్రోజన్లున్నాయి కాబట్టి 4హెచ్2ఓ, ఇక కుడివైపు ఆక్సిజన్ పరమాణువులు ఆరూ నాలుగూ పది అయ్యాయి కదా, అందుకే ఎడమవైపు 5ఓ2. ఆక్సిజన్‌ను ఇలా చివరికి ఉంచుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

బరువులూ చూడమనండి, నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. 44 గ్రాముల ప్రొపేన్, 160 గ్రాముల ఆక్సిజన్, మొత్తం 204. వచ్చేవి 132 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 72 గ్రాముల నీరు, అదీ 204!

తర్వాత బ్యూటేన్, సీ4హెచ్10, తననే చేయనివ్వండి. మధ్యలో ఆరున్నర ఓ2 వస్తే కంగారు పడొద్దు, అన్నిటినీ 2తో గుణిస్తే సరిపోతుంది.