ఒట్టి పేరుకి ఎన్ని మాటలో

తమ్ముడూ,

నీ హాంకాంగ్ కథ రెండుసార్లు చదివాను. నూడుల్స్ కొట్టు యజమానికి వచ్చింది ఒట్టి పేరేనని అందులో ముగ్గురు అంటారు. ముగ్గురి చేతా "లోంగ్ దక్ హోయ్ మింగ్" అనే అనిపించావు. ఊరికే దొరికిన డొల్ల పేరు అని అర్థం, తప్పు లేదు. కానీ అది నాలుగక్షరాల పుస్తకభాష. పైగా హాంకాంగ్ భాష కాంటనీస్ మాట్లాడేవాళ్లు దాన్ని తరచుగా మెప్పుకే వాడతారు, "ఈయనది ఊరికే వచ్చిన పేరు కాదు" అంటూ. బజారులో తిట్టుకునే మాటలు వేరే ఉన్నాయి.

చేతల్లేకుండా మాటలు కోటలు దాటేవాణ్ణి "దక్ బా హౌ" అంటారు. ఉన్నదల్లా నోరే అని. పస లేనివాడు "మో లియు". లియు అంటే సరుకు, సూప్‌లో వేసే దినుసులకూ ఇదే మాట. మన "వాడిలో సరుకు లేదు"కి ఎంత దగ్గరగా ఉందో చూడు!

నాకు బాగా ఇష్టమైనది "సిక్ లో బున్". పాత పెట్టుబడిని తింటున్నాడని. ఒకసారి హాంకాంగ్‌లోని షామ్ షుయ్ పో పేటలో పేరుమోసిన కొట్టులో వాన్‌టన్ నూడుల్స్ తింటున్నాను. వాన్‌టన్ అంటే పల్చటి పిండి పొరలో రొయ్య చుట్టి ఉడికించేది. బయట పెద్ద క్యూ. నా బల్ల దగ్గరే కూర్చోబెట్టిన పెద్దాయన చాప్‌స్టిక్స్‌తో ఒక వాన్‌టన్ పైకెత్తాడు. పొర చిరిగి రొయ్య జారిపోయింది. మిగిలినదాన్ని మెల్లగా గిన్నెలో వదిలేసి "సిక్ లో బున్" అన్నాడు. గొంతులో కోపం లేదు, దిగులుంది. ఒకప్పుడు ఆ కొట్టు రుచి తెలిసినవాడే ఆ మాట అనగలడు. "మో లియు" అంటే మొదటినుంచీ ఏమీ లేదనే.

నీ కథలో ముప్పై ఏళ్లు అక్కడే పనిచేసిన ముసలి వంటవాడు అనాల్సింది ఇదే. పక్క కొట్టువాడు కడుపుమంటతో "దక్ బా హౌ" అంటాడు. నాలుగక్షరాల మాటను పత్రికలో రాసే ఆవిడకు వదిలెయ్.

పాఠకుడికి అర్థం కాదేమోనని టెన్షన్ పడి వాళ్ల నోట "పేరు గొప్ప, ఊరు దిబ్బ" పెట్టకు. ఆ వీధి మాయమై మన ఊరి రచ్చబండ వచ్చి కూర్చుంటుంది. ఆ చిరిగిన పొర లాంటిది ఒకటి పక్కన చూపిస్తే చాలు. కాంటనీస్‌లో గొంతు ఎత్తే, దించే తీరును బట్టి మాట అర్థమే మారిపోతుంది, అలాంటి స్వరాలు ఆరు, మన లిపిలో అవి పలకవు. అందుకే ఇలాంటి మాటలు రెండు మూడుకు మించనివ్వకు.

వంటవాడి సీన్ మళ్లీ రాసి పంపు. ఆయన అన్నది యజమాని చెవిన పడిందో లేదో నువ్వు రాయలేదు. నాకది తెలియాలి.

ఇట్లు,
అక్క